యుద్ధనౌకకు కడపటి కావలి

డిసెంబరు 4వ తేది మన నౌకాదళ దినము. పెక్కు సంవత్సరములు ఆనాటి సాయంకాలమున విశాఖపట్టణపు సముద్రతీరమున జనులు ఇసుక వేసిన రాలనంతగా గుమికూడి, యుద్ధనౌకలు తీరమునకు చేరువగా వచ్చి చూపు విన్యాసములను కన్నులార చూచిరి. మేమును ఆ గుంపులో నిలిచి చూచినవారమే. అందరి చూపును ఓడ ముందుభాగముననున్న పెద్ద ఫిరంగిమీదను, ఎగిరి దిగు హెలికాప్టరులమీదను నిలిచియుండెను. ఓడ ప్రక్కభాగమున చిన్న గోపురమువలె ముడుచుకొని కూర్చున్న యంత్రమొకటి కలదు. దానిని చూచినవారు లేరు. దాని ముందునుండి పొట్టిగొట్టమొకటి పొడుచుకొని వచ్చియుండును. ఆ యొక్క గొట్టములో ఆరు గొట్టములు ఇమిడియున్నవి. అది నిమిషమునకు సుమారు 5,000 గుండ్ల వేగమున పేలును. ఓడలోని తక్కిన ఆయుధములు పగవానిని వెదకికొని దూరము పోవును. ఇది గడప దాటని కావలివాడు. తక్కినవన్నియు గురి తప్పిన పిమ్మట మిగులు కొద్ది సెకండులలో పనికివచ్చుటకై దీనిని అచ్చట నిలిపిరి. నేటి మా ప్రసంగము ఆ కొద్ది సెకండులను గూర్చినది.

విమానము యుద్ధనౌకను ముంచగలదా యనుట ఒకప్పుడు పెద్ద వివాదము. 1921లో అమెరికా వైమానికుడు బిల్లీ మిచెల్, జర్మనులనుండి స్వాధీనమైన ఆస్ట్‌ఫ్రీస్‌లాండ్ అను యుద్ధనౌకను బాంబులతో ముంచి చూపెను. లంగరువేసి నిలిపిన ఓడను, ఎదురు పేల్చు మనిషియైన లేని ఓడను ముంచుట ఏమి గొప్పయని నౌకాధిపతులు కొట్టివైచిరి. వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని 1941 డిసెంబరు 10వ తేదిన ఆ వాదము తీరిపోయెను. బ్రిటిషువారి ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అను రెండు మహానౌకలు మలయా తూర్పుతీరమున పోవుచుండగా, సైగాన్ ప్రాంతమునుండి వచ్చిన జపాను విమానములు వానిపై బడెను. ఉదయము 11 గంటలు దాటిన పిమ్మట మొదలైన దాడి మధ్యాహ్నము ఒంటిగంటన్నర కాకముందే ముగిసెను. రెండు ఓడలును మునిగెను. సుమారు 840 మంది నావికులు మడిసిరి.

ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పాతబడిన ఓడ కాదు. అది నౌకాదళమున చేరి యేడాదియైన నిండలేదు. విమానముల నెదుర్కొనుటకు దానిపై ఎనిమిదేసి గొట్టముల ఫిరంగులు బారులుతీరి యుండెను. కాని ఉష్ణమండలపు వేడికిని తేమకును వాని మందుగుండు చెడి, పేల్చుచుండగనే తూటాలు విడిపోయి గొట్టములలో చిక్కుకొనెను. ఫిరంగి ఉన్నది, గన్నరు ఉన్నాడు, విమానము కంటికెదుట ఉన్నది. తూటా మాత్రము కదలదు. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. ఆయుధము ఓడపై ఉండుట వేరు, వలసిన క్షణమున అది పనిచేయుట వేరు.

ఆ తరువాతి మూడు నాలుగేండ్లలో ఓడలు ముండ్లపందులవలె తయారయ్యెను. స్వీడను దేశపు బోఫోర్స్ కంపెనీ నిర్మించిన 40 మిల్లీమీటర్ల ఫిరంగియు, స్విట్జర్లాండులోని ఓర్లికాన్ పేరుగల 20 మిల్లీమీటర్ల ఫిరంగియు లేని యుద్ధనౌక మిత్రరాజ్యములలో అరుదు. ఓర్లికాన్‌ను పేల్చువాడు దాని వెనుకనున్న అర్ధచంద్రాకారపు దిండ్లలో భుజములానించి, పట్టీతో తన్ను దానికి కట్టుకొని, దేహమంతటితోను త్రిప్పుచు గురిచూచును. మనిషియు ఫిరంగియు ఒకటియై యుండిన కాలమది. 1944 అక్టోబరులో జపానువారు ఆత్మాహుతి విమానములను ప్రయోగింప మొదలిడగనే ఈ చిన్న ఫిరంగుల లోపము బయటపడెను. వైమానికుడు మరణించినను విమానము ఆగదు. తాను వచ్చిన వేగముతోనే వచ్చి ఓడపై బడును. దెబ్బ తగిలిన చాలదు, ఎదుట వచ్చునది గాలిలోనే ముక్కలు కావలెను.

1945 ఏప్రిల్ 16వ తేదిన ఒకినావా చేరువలో లాఫీ అను అమెరికా డిస్ట్రాయరుపై సుమారు ఎనుబది నిమిషములు ఇట్టి దాడి జరిగెను. ఇరువదికి పైగా విమానములు దానిని చుట్టుముట్టినవి. కొన్ని వచ్చి ఓడను తాకెను, కొన్ని బాంబులు తగిలెను. 32 మంది మరణించిరి. అయినను ఓడ మునుగలేదు. దానిని నేటికిని అమెరికాలోని చార్లెస్టన్ రేవున ప్రదర్శనమునకు నిలిపియున్నారు.

ఆ యుద్ధమున ఓడలను కాపాడిన మరియొక వస్తువును గూర్చి రేడియో శ్రోతలకు చెప్పక విడుచుట న్యాయము కాదు. అది గుండు ముక్కునందు అమర్చిన చిన్న రేడియో. అంతకు పూర్వము గుండు ఎన్ని సెకండులకు పేలవలెనో ముందే లెక్కకట్టి మీటను త్రిప్పి పేల్చెడివారు. లెక్క కొంచెము తప్పినను గుండు విమానమునకు ఆవలనో ఈవలనో పేలిపోవును. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో మెర్ల్ ట్యూవ్ నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు, గుండులోనే రేడియో తరంగములను వెలువరించు పరికరమును పెట్టి, ఆ తరంగములు విమానమునకు తగిలి తిరిగివచ్చుటనుబట్టి గుండు తనంతట తానే పేలునట్లు చేసిరి. నాటి ఇండ్లలోని రేడియోపెట్టెలో వాల్వును తీసి పెట్టునప్పుడు పూవును పట్టుకొన్నట్లు పట్టుకొనెడివారము. అట్టి గాజువాల్వులనే మిక్కిలి చిన్నవిగా చేసి, ఫిరంగినుండి వెలువడు గుండులో పెట్టి, భూమ్యాకర్షణకు ఇరువదివేల రెట్లు ఒత్తిడికి పగులకుండ నిలిపిరి. 1943 జనవరిలో హెలినా అను ఓడ ఈ గుండ్లతో మొదటిసారి జపాను విమానమును కూల్చెను. పేలవలసిన క్షణమును నిర్ణయించు పని ఆనాడే మనిషి చేతినుండి యంత్రము చేతికి పోయెను. గురి మాత్రము ఇంకను మనిషి చేతిలోనే మిగిలియుండెను.

అదియు ఎంతకాలమో నిలువలేదు. 1967 అక్టోబరు 21వ తేదిన ఇజ్రాయెలు డిస్ట్రాయరు ఐలాత్ ఈజిప్టు రేవుపట్టణము పోర్ట్ సయీదు ఎదుట తిరుగుచుండెను. రేవులోని చిన్న పడవలనుండి రష్యావారి స్టిక్స్ క్షిపణులు వెలువడెను. ఒక్కొక్కటి రెండు టన్నులకు పైగా బరువు కలది. లోపల వైమానికుడు లేడు, రాడారు కలదు. ఐలాత్‌పై ఉన్నవి ప్రపంచయుద్ధకాలపు ఫిరంగులు. వానితో పేల్చిరి, కాని తగులలేదు. ఓడ మునిగెను, 47 మంది మరణించిరి. గజములకొలది పొడవు మాత్రమేగల పడవలు పెద్ద ఓడను కంటికి కనబడనంత దూరమునుండి ముంచుట ప్రపంచమునకు అదియే మొదటిసారి.

నాలుగేండ్ల తరువాత ఆ క్షిపణులే మన చేతిలో నుండెను. 1971 డిసెంబరు 4వ తేది రాత్రి నిర్ఘాత్, నిపాత్, వీర్ అను మూడు భారత క్షిపణిపడవలు కరాచి మీదికి పోయెను. వాని కెదురుపడినది ఖైబర్ అను పాకిస్తాను డిస్ట్రాయరు. మొదట బ్రిటిషువారు కట్టిన ఆ తరగతి ఓడలు విశేషించి విమానముల నెదుర్కొనుటకే ఉద్దేశింపబడినవి. చీకటిలో తమవైపు వచ్చుచున్న వెలుగును చూచి ఖైబర్‌లోనివారు విమానమే యనుకొని ఫిరంగులు పేల్చిరి. తమపై శత్రువిమానము దాడిచేసినదనియే రేడియోలో తెలిపిరి. రెండవ క్షిపణితో ఓడ మునిగెను. రెండువందలకు పైగా నావికులు దానితో పోయిరి. విశాఖతీరమున మనము పండుగగా జరుపుకొను దినము ఆ రాత్రి పేరనే ఏర్పడినది. తమ్ము చంపుచున్నది యేమో తెలియకయే పోరాడిన ఆ గన్నరులు శత్రువులేయైనను, వారిని తలచినపుడు మనస్సు చివుక్కుమనకపోదు.

ఇచ్చట కొంచెము లెక్క వేయుదము. భూమి గుండ్రనిది గనుక సముద్రముపై చూపు కొంత దూరమునకే ఆగిపోవును. రాడారు చూపును అంతే. నీటికి 20 మీటర్ల ఎత్తున రాడారును నిలిపి, నీటికి మూడు మీటర్ల ఎత్తున, అనగా అలలకు తగులునో తగులదో యన్నట్లు వచ్చు క్షిపణిని వెదకినచో, అది సుమారు 25 కిలోమీటర్ల దూరమున గాని కనబడదు. ఫ్రాన్సువారి ఎక్సొసెట్ క్షిపణి సెకండునకు ఇంచుమించు 300 మీటర్లు పోవును. కనబడినది మొదలు తగులువరకు ఎనుబది సెకండుల పైచిలుకు. రేడియోలో వార్తలు చదువువారు ముఖ్యాంశములు ముగించునంతటి కాలము. ఆ కాలములోనే అది పక్షియా, అలయా, తమవారి విమానమా, పగవారి క్షిపణియా యని తేల్చుకొనవలెను, అధికారికి చెప్పవలెను, ఆయన ఆజ్ఞ నీయవలెను, దూరపు ఆయుధములు పేలవలెను. అవియు తప్పినచో మిగిలినది చివరి ఒకటిన్నర కిలోమీటరు. అనగా అయిదు సెకండులు. ఆ అయిదు సెకండులలో మనిషి కన్ను, చేయి, మాట ఏవియు పనికిరావు.

కనుకనే 1970 తరువాత అమెరికాలో ఫాలాంక్స్ అను యంత్రమును నిర్మించి, 1980లో కోరల్ సీ అను విమానవాహకనౌకపై మొదట నెలకొల్పిరి. చూచుటకు అది నిలువుగా నిలిపిన తెల్లని పీపావలె నుండును. ఆ పీపాలో రెండు రాడారులు కలవు: ఒకటి వెదకునది, ఒకటి వెంబడించునది. దాని క్రింద ఆరు గొట్టముల 20 మిల్లీమీటర్ల ఫిరంగి కలదు. మొదట నిమిషమునకు 3,000 గుండ్లు పేల్చుచుండెను. పిమ్మట ఆ వేగమును 4,500 వరకు పెంచిరి. గుండ్లను టంగ్‌స్టన్ వంటి బరువైన లోహముతో చేయుదురు. అవి క్షిపణిని చీల్చుకొని లోనికి పోవలెను గదా.

ఇందలి నేర్పంతయు వెంబడించు రాడారునందున్నది. వచ్చుచున్న క్షిపణిని మాత్రమే గాక, తాను పేల్చిన గుండ్లు పోవు దారిని సైతము అది చూచును. ఇంటి పెరటిలో గొట్టముతో మొక్కలకు నీరుపోయువాడు ధార ఎచ్చట పడుచున్నదో చూచి చేతిని సవరించుకొనునట్లు, ఈ యంత్రము గుండ్లధారకును క్షిపణికిని నడుమనున్న ఎడమును కొలిచి, ఆ ఎడమును తగ్గించుచు పోవును. గొట్టమునుండి వెలువడు గుండు సెకండునకు 1,100 మీటర్లు పోవును గనుక ఒకటిన్నర కిలోమీటరు చేరుటకు ఒక సెకండునకు పైగా పట్టును. అంతలో క్షిపణి మరి నాలుగువందల మీటర్లు దగ్గరకు వచ్చియుండును. ఈ సవరింపు మనిషివలన కాని పని. ఇక పెట్టెలోనున్న గుండ్లు 1,550. ఎడతెగక పేల్చినచో ఇరువది సెకండులకు అయిపోవును. హాలండువారు ఏడు గొట్టముల 30 మిల్లీమీటర్ల ఫిరంగితో గోల్‌కీపర్ అనుదానిని చేసిరి, రష్యావారిది ఏకే-630. మేము విశాఖలో చూచిన గోపురము ఈ మూడవ జాతికి చెందినది.

ఇట్టి యంత్రము లేనివారి గతి 1982లో ఫాక్‌లాండు దీవుల యుద్ధమున తెలిసెను. మే 4వ తేదిన అర్జెంటీనా విమానము విడిచిన ఎక్సొసెట్ బ్రిటిషు డిస్ట్రాయరు షెఫీల్డ్‌ను తాకెను. ఆ ఓడ దూరపు విమానములను కొట్టు క్షిపణులను మోయుచుండెను. చేరువకు వచ్చినదానిని కొట్టుటకు దానికున్నవి ముప్పది నలుబదియేండ్లనాటి ఓర్లికాన్‌లే. అవియు పేలలేదు. తాకుటకు కొద్ది సెకండులకు ముందుగాని ఎవరును దానిని చూడలేదు. 20 మంది మరణించిరి. మంటలతో కాలిన ఓడ ఆరు దినములకు మునిగెను. బ్రిటిషువారు వెంటనే అమెరికానుండి ఫాలాంక్స్‌లను తెచ్చి, ఆ సంవత్సరమే దక్షిణ సముద్రమునకు బయలుదేరిన ఇలస్ట్రియస్ నౌకపై బిగించిరి.

ఇంతటితో కథ ముగిసినదనుకొనవచ్చును. ముగియలేదు. అసలు కథ ఇచ్చటనే మొదలు. 1987 మే 17వ తేది రాత్రి పర్షియా సింధుశాఖలో స్టార్క్ అను అమెరికా ఫ్రిగేటుపై ఇరాకు విమానము రెండు ఎక్సొసెట్‌లను విడిచెను. 37 మంది నావికులు మరణించిరి. ఓడపై ఫాలాంక్స్ కలదు. కాని అది నిద్రాస్థితిలో నుండెను. ఆనాడు ఇరాకు అమెరికాకు శత్రువు కాదు, వచ్చుచున్న విమానము దాడిచేయునని ఓడలోనివారు తలపలేదు, యంత్రమును మేల్కొల్పలేదు. 2006 జూలై 14వ తేదిన లెబనాను తీరమున ఇజ్రాయెలు ఓడ హనిత్‌కును ఇదియే జరిగెను. అవతలివారియొద్ద అట్టి క్షిపణి ఉండునని తలపక రక్షణయంత్రములను ఆపియుంచిరి. నలుగురు మరణించిరి.

అట్లయిన దానిని ఎల్లప్పుడు మేల్కొల్పియే ఉంచరాదా యని శ్రోతలు అడుగవచ్చును. మాకును మొదట అట్లే తోచెను. మేల్కొన్న యంత్రమునకు శత్రువు, మిత్రుడు అను భేదము తెలియదు. వేగముగా తనవైపు వచ్చునది యేదైనను దానికి గురియే. 1991 ఫిబ్రవరి 25వ తేదిన కువైటు ఎదుట మిస్సోరి అను యుద్ధనౌకపైకి తీరమునుండి క్షిపణి వచ్చెను. దానిని గ్లౌసెస్టర్ అను బ్రిటిషు ఓడ తన క్షిపణితో కూల్చెను. ఈలోగా మిస్సోరి శత్రు రాడారును మోసగించుటకై సన్నని లోహపు పోగుల మేఘమును గాలిలోనికి చిమ్మెను. ప్రక్కనున్న జారెట్ నౌకలోని ఫాలాంక్స్ ఆ మేఘమునే శత్రువనుకొని పేల్చెను; కొన్ని గుండ్లు వెళ్లి మిస్సోరికే తగిలెను. దైవవశమున ఎవరును చావలేదు. 1996 జూన్‌లో పసిఫిక్ మహాసముద్రమున విన్యాసములు జరుగుచుండగా, గురిపెట్టుటకై లక్ష్యమును త్రాటితో లాగుకొని పోవుచున్న అమెరికా విమానమును జపాను ఓడ యూగిరిలోని ఫాలాంక్స్ కూల్చివేసెను. లక్ష్యము మిగిలెను, విమానము పోయెను. వైమానికులిద్దరు బయటికి దుమికి బ్రతికిరి.

కనుక అయిదు సెకండుల పని యంత్రమునకు అప్పగింపబడినది గాని, ఆ యంత్రమునకు ఎప్పుడు స్వేచ్ఛ నీయవలెనను పని మనిషికే మిగిలినది. అది సెకండుల పని కాదు. గంటలు, దినములు, ఒక్కొక్కప్పుడు నెలలు ముందుగా చేయవలసిన ఆలోచన. ఈ సముద్రమున ఎవరున్నారు? వారికి మనపై ఏమి పగ? వారియొద్ద ఏమున్నది? స్టార్క్ గాని హనిత్ గాని తప్పినది ఈ ప్రశ్నలకు చెప్పుకొన్న సమాధానములయందే. ఫిరంగిదోషమేమియు లేదు. మా యెరుకలో ఈ యంత్రములను మెచ్చుకొనువారు నిమిషమునకు గుండ్లెన్ని యని చెప్పుదురేగాని ఈ సంగతిని చెప్పరు.

యంత్రము గెలిచినను ఓడకు పూర్తిగా భయము తీరదు. 1983లో అమెరికా ఫ్రిగేటు ఆంట్రిమ్‌పై ఫాలాంక్స్ పరీక్ష జరుగుచుండగా గురిగా పంపిన చిన్న విమానమును యంత్రము సరిగానే కొట్టెను. కాని దాని ముక్కలు నీటిపై ఎగిరిపడి ఓడనే తాకి నిప్పంటించెను. శిక్షణ నిచ్చుటకు వచ్చిన ఒకరు మరణించిరి. అది ప్రేలుడు మందు లేని గురి. ఇక భారత-రష్యా దేశములు కలిసి చేసిన బ్రహ్మోస్ వంటి క్షిపణి ధ్వనికి మూడురెట్లకు కొంచెము తక్కువ వేగముతో వచ్చును. మనము వేసిన లెక్కలో ఎనుబది సెకండులు ముప్పదికంటె తక్కువగును. చివరి అయిదు రెండైనను కావు. గాలిలో చీలినను దాని తునుకలు ఆ వేగముతోనే వచ్చి తగులును. అందువలన పెక్కు నౌకాదళములు ఫిరంగికి తోడుగా దగ్గరి దూరపు చిన్న క్షిపణులను చేర్చుకొనుచున్నవి. మన ఓడలపై ఇజ్రాయెలువారి బరాక్ క్షిపణి వచ్చినది ఈ కారణముచేతనే.

అట్లని ఆరు గొట్టముల ఫిరంగికి కాలము తీరలేదు. 2024 జనవరి 30వ తేది రాత్రి ఎర్రసముద్రమున యెమెను దేశపు హౌతీలు విడిచిన క్షిపణి యొకటి అమెరికా డిస్ట్రాయరు గ్రేవ్‌లీ మీదికి వచ్చెను. అంతకుముందు వారాలకొలది అట్టివానిని ఓడలు దూరముననే క్షిపణులతో కూల్చుచుండెను. ఈ యొక్కటి దూరపు కావళ్లన్నియు దాటి మైలు దూరమువరకు వచ్చెను. అప్పుడు ఫాలాంక్స్ పేలెను. క్షిపణి కూలెను. అమర్చిన నలువది నాలుగు సంవత్సరములకు ఆ జాతి యంత్రము నిజమైన యుద్ధములో, నిజమైన క్షిపణినుండి, ఆ చివరి సెకండులలో ఓడను కాపాడెను. ఆ రాత్రి దానిని మేల్కొల్పియుంచిరి.

విశాఖపట్టణము పేరనే ఒక క్రొత్త డిస్ట్రాయరు 2021 నవంబరు 21వ తేదిన ముంబయిలో మన నౌకాదళమున చేరినది. దూరపు విమానములను కొట్టు బరాక్ క్షిపణులు దానికి కలవు, బ్రహ్మోస్ కలదు, ముందుభాగమున పెద్ద ఫిరంగి కలదు. వానితోపాటు ఆ చిన్న గోపురములు నాలుగు కలవు.